పెట్టడం వచ్చు, ఉండటం రాదు: ఖాళీ సెమిస్టర్‌లో విదేశీ హోమ్‌స్టేకి బయల్దేరే గోదారి కుర్రకారుకి

మన వైపు ఇంటికొచ్చిన మనిషికి పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదండి. చాలు చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే రకం మనం. కానీ ఒకరింట్లో పది రోజులు ఉండటం, వాళ్ళ వేళకి తిని, వాళ్ళ బాత్‌రూమ్ వాడుకుని, వాళ్ళకి బరువు కాకుండా బయటపడటం, అదీ మన భాష రాని ఇంట్లో, ఇది మాత్రం మనకి బొత్తిగా అలవాటు లేని విద్య. అమ్మమ్మగారిల్లు లెక్కలోకి రాదు, అక్కడ మనం దొరలం. నేను బీటెక్ అయ్యాక దొరికిన ఖాళీలో నలుగురు స్నేహితులతో కలిసి వియత్నాంలో మెకాంగ్ డెల్టా ఊళ్ళలో ఇరవై నాలుగు రోజులు ఇళ్ళల్లో ఉండి వచ్చాను. తప్పులు బాగానే చేశాం. మీరు అవే మళ్ళీ చెయ్యకుండా, ఏ పని ముందు ఏ పని తర్వాత అన్న వరసలో చెబుతాను.

ముందు ఆ ఖాళీ నిజంగా ఖాళీయేనా చూసుకోండి

బయటి దేశాల్లో పిల్లలు చదువు మధ్యలో ఒక సెమిస్టర్ ఆపి తిరిగొస్తారు, కాలేజీలు కూడా సరే అంటాయి. మన దగ్గర ఆ పప్పులు ఉడకవు. కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీల్లో 75 శాతం హాజరు ఉండాలి, 65 దాకా ఉంటే కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, అంతకన్నా తగ్గితే డిటైనే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్ళకి హాజరు పోతే అది కూడా పోయే ప్రమాదం ఉంది. కాబట్టి మూడో సంవత్సరం మధ్యలో "ఒక ఆర్నెల్లు బ్రేక్ తీసుకుంటా మావయ్యా" అనే ఆలోచన ఉంటే ముందు కాలేజీ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, నోటి మాట నమ్మకండి.

మనకి అసలైన ఖాళీ రెండు చోట్ల దొరుకుతుంది. మేలో ఫైనల్ పరీక్షలు అయిపోయి, ఆగస్టు అడ్మిషన్ తప్పిపోయి, జనవరి ఇన్‌టేక్ కోసం కూర్చున్నప్పుడు ఒకటి. ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ జాయినింగ్ తేదీ ఇవ్వకుండా నెలల తరబడి నాన్చినప్పుడు రెండోది. నాది రెండోదే. పొద్దున్న లేచి మెయిల్ చూసుకోవడం, సాయంత్రం పంట కాలవ గట్టు మీద కూర్చోవడం, మధ్యలో పక్కింటి పిన్నిగారు "ఏమయ్యా, ఇంకా పిలవలేదా?" అనడం.

పై చదువులకి వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వీసా ఫారాల్లో "ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా" అని అడుగుతారు. సరదా ట్రిప్పు కోసం గట్టిగా వడపోసే దేశానికి తొందరపడి అప్లై చేసి రిజెక్ట్ చేయించుకుంటే ఆ మచ్చ చదువు వీసా దాకా వస్తుంది. తేలిగ్గా ఇచ్చే దేశాన్నే ఎంచుకోండి.

మనుషుల్ని ఏరుకోవడం

నలుగురు, ఐదుగురు, మహా అయితే ఆరుగురు. అంతకు మించితే అది ట్రిప్పు కాదు, తీర్థయాత్ర బస్సు. ఒక ఇంట్లో రెండు గదుల్లో సర్దుకోగలగాలి, ఒక వ్యాన్‌లో పట్టాలి, ఒక బల్ల చుట్టూ కూర్చుని తినగలగాలి. కాలేజీ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఇరవై మంది "నేను రెడీ మామా" అంటారు. పాస్‌పోర్ట్ ఉందా అని ఒక్క మాట అడగండి, పదకొండు మంది అక్కడే రాలిపోతారు. మిగిలిన వాళ్ళని పదిహేను రోజుల్లోగా తలా పది వేలు అడ్వాన్సు వెయ్యమనండి, అసలు గుంపు అప్పుడు తేలుతుంది.

స్నేహం ఎంత పాతదన్నది కాదండి, పొద్దున్నే లేస్తాడా, తిండి దగ్గర పేచీ పెడతాడా, డబ్బు లెక్క సరిగ్గా చెబుతాడా, ఈ మూడే చూడండి. మేం వెళ్ళే ముందు పరీక్షగా రెండు రోజులు అంతర్వేది వెళ్ళాం. నరసాపురం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లిలో దిగి, ఆటో బేరం దగ్గరే ఎవరు ఎలాంటి వాళ్ళో సగం తెలిసిపోయింది. ఒకడిని ఆ ట్రిప్పు తర్వాత వదిలేశాం కూడా (ఇప్పటికీ మాట్లాడడు, ఏం చేస్తాం).

ఎక్కడికి

పాస్‌పోర్ట్ లేనివాళ్ళకి దగ్గరి దారి నేపాల్. మనకి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. అక్కడ స్యాంగ్జా జిల్లాలోని సిరుబారి అనే ఊరు 1997 నుంచే అతిథుల్ని ఇళ్ళల్లో పెట్టుకుంటోంది, ఊరు ఊరంతా వంతులు వేసుకుని ఏ ఇంటికి ఎవరో పంచుతారు. అక్టోబరు, నవంబరు బావుంటుంది, వానాకాలంలో మాత్రం కొండ దారులు తెగుతాయి. మలేషియాలో ప్రభుత్వమే 1995లో హోమ్‌స్టే పథకం పెట్టి ఊళ్ళని రిజిస్టర్ చేసింది, మొట్టమొదటిసారి ఎవరిదో ఇంట్లో ఉండాలంటే భయపడే వాళ్ళకి అది నయం.

మేం మాత్రం మెకాంగ్ డెల్టాకే వెళ్ళాలనుకున్నాం, దానికో కారణం ఉంది. అదీ డెల్టాయే, మనదీ డెల్టాయే. సైగాన్ అని ఇప్పటికీ జనం పిలిచే హోచిమిన్ సిటీ నుంచి రెండు గంటలు బస్సులో పోతే బెన్‌త్రే అనే కొబ్బరి సీమ వస్తుంది. అక్కడ కాలవలు, ఆ గట్ల మీద కొబ్బరి, నీళ్ళలోకి వంగిన చెట్లు, ఇంటి వెనక చేపల చెరువు. మాలో ఒకడిది రాజోలు. బస్సు దిగి అటూ ఇటూ చూసి "ఇంత దూరం టికెట్ పెట్టుకుని మా ఊరే తీసుకొచ్చారేంట్రా" అన్నాడు. మనకి తెలిసిన నేలలాంటి నేల అయితే ఒక లాభం ఉంది. ఆ ఇంటివాళ్ళతో మాట్లాడటానికి భాష లేకపోయినా పని దొరుకుతుంది. కొబ్బరికాయ ఒలవడం వచ్చినవాడిని ఆ ఊళ్ళో ఎవరూ పరాయివాడిగా చూడలేదు. కాకపోతే 2025 జూలైలో బెన్‌త్రేని విన్‌లాంగ్ ప్రావిన్స్‌లో కలిపేశారు కాబట్టి బుక్ చేసేటప్పుడు చిరునామాలో పాత పేరు, కొత్త పేరు రెండూ కనిపిస్తాయి, కంగారు పడకండి.

కాలం కూడా చూసుకోండి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడిగా ఉంటుంది. జనవరి చివరో ఫిబ్రవరిలోనో వాళ్ళ కొత్త సంవత్సరం, తేత్, వస్తుంది. అది వాళ్ళకి సంక్రాంతి అనుకోండి, పరదేశంలో ఉన్న పిల్లలంతా ఇళ్ళకొస్తారు, గదులు దొరకవు, బస్సులు దొరకవు. మన ఊళ్ళో భోగి రోజు ఎవరైనా గది అద్దెకి అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

పాస్‌పోర్ట్, వీసా

పాస్‌పోర్ట్ లేకపోతే ఈ రోజే మొదలెట్టండి. 36 పేజీలది 1,500 రూపాయలు, పదేళ్ళు ఉంటుంది. తత్కాల్ అయితే ఇంకో 2,000 అదనం. టెన్త్ మెమో పెట్టండి, అప్పుడు ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకి పనికి వెళ్ళాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) పడదు. గల్ఫ్‌కి వెళ్ళే అక్కలు, చెల్లెళ్ళు ఉన్న కోనసీమ ఇళ్ళల్లో ఆ ముద్ర సంగతి పెద్దవాళ్ళకి నాకన్నా బాగా తెలుసు.

ఇక ఇంటిపేరు. మన మెమోల్లో "కె. సాయి" అని పొడి అక్షరంతో ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తారు. ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళని దుబాయ్ వైపు 2022 నుంచి రానివ్వడం లేదు, మిగతా చోట్ల టికెట్ మీద ఒక పేరు వీసా మీద ఒక పేరు పడి గొడవ. ఇంటిపేరు పూర్తిగా విడదీసి రాయించండి, తర్వాత టికెట్, వీసా, ఇన్సూరెన్స్ అన్నిటి మీదా పాస్‌పోర్ట్ చూసి అక్షరం అక్షరం దించండి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా ఆరు నెలలు గడువు ఉండాలి.

వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తారు, ఒకసారి వెళ్ళి రావడానికి 25 డాలర్లు. ఇవ్వకపోయినా డబ్బు వెనక్కి రాదు. వెతికితే ముందు కనపడే సైట్లలో సగం బ్రోకర్లవి, అచ్చం ప్రభుత్వ సైటులా పెట్టి మూడింతలు గుంజుతారు. చిరునామా చివర గవ్ డాట్ వీఎన్ అని ఉందో లేదో చూసి అప్పుడు కార్డు నంబరు కొట్టండి. మూడు పనిదినాలు అంటారు గానీ మూడు వారాలు చేతిలో ఉంచుకోండి. ఏ విమానాశ్రయంలో దిగుతారో ఆ వీసా ఫారంలోనే ఎంచుకోవాలి, టికెట్‌తో సరిపోవాలి. ఏ దేశమైనా సరే టికెట్ కొనే రోజున ఆ దేశపు ఎంబసీ సైటు మరోసారి చూడండి, నిరుడు వెళ్ళొచ్చిన అన్నయ్య చెప్పిన రూల్ ఈ ఏడాది ఉండకపోవచ్చు.

ఇది మాత్రం నిలబడి చదవండి. టూరిస్ట్ వీసా మీద పని చెయ్యకూడదు. "రోజుకి నాలుగు గంటలు పని చేస్తే ఉచితంగా గది" అనే వాలంటీర్ ఏర్పాట్లు కూడా థాయ్‌లాండ్ లాంటి చోట్ల పని కిందే లెక్క. అంతకన్నా పెద్ద ప్రమాదం ఉద్యోగం పేరుతో వచ్చేది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్ళని కంబోడియా తీసుకెళ్ళి పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించిన ముఠాల్ని 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. కాబట్టి మీ ట్రిప్పు మధ్యలో ఎవరైనా "అక్కడ మాకు తెలిసిన కంపెనీ ఉంది, రెండు నెలలు చేస్తే ఖర్చులు వచ్చేస్తాయి" అంటే అది పనీ కాదు, ఖర్చులూ రావు. ఫోన్ పెట్టెయ్యండి.

ఇల్లు వెతకడం

విద్యార్థుల్ని గుంపుగా తీసుకెళ్ళి ఇళ్ళల్లో ఉంచే పద్ధతి 1932లో అమెరికాలో మొదలైన ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్ అనే సంస్థతో బాగా వ్యాపించింది. ఇప్పుడు అలాంటి సంస్థల ద్వారానూ వెళ్ళొచ్చు, బుకింగ్ సైట్లలో మీరే వెతుక్కోనూ వచ్చు. సంస్థ అయితే కట్టుదిట్టంగా ఉంటుంది, ఖర్చు ఎక్కువ. మేం సొంతంగా వెతుక్కున్నాం.

హోమ్‌స్టే అని బోర్డు పెట్టినవన్నీ హోమ్‌స్టేలు కావు, అసలు చిక్కు అదే. పన్నెండు గదుల లాడ్జి కట్టి గోడ మీద కొబ్బరి చెట్టు బొమ్మ వేసి హోమ్‌స్టే అంటారు. బుక్ చేసే ముందు మెసేజ్ పెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి: ఇంట్లో మీతో పాటు ఎవరెవరు ఉంటారు, రాత్రి భోజనం మీరూ మాతోనే తింటారా, వంట ఎవరు చేస్తారు, ఒకేసారి ఎంతమందిని పెట్టుకుంటారు. "మా అత్తగారు, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క" అని జవాబు వస్తే అది ఇల్లు. "ఇరవై నాలుగు గంటల రిసెప్షన్" అని వస్తే వదిలెయ్యండి. రివ్యూల్లో ఆ ఇంటావిడ పేరుతో సహా జనం రాశారంటే మంచి గుర్తు. ఆడపిల్లలు వెళ్తుంటే ఇంట్లో ఆడవాళ్ళు ఉన్నారా, గదికి లోపల గడియ ఉందా, బాత్‌రూమ్ ఎక్కడ, మొహమాటం లేకుండా అడగండి. అడిగినందుకు చిన్నబుచ్చుకునే ఇల్లు మీకొద్దు.

ఒక్కో ఇంట్లో కనీసం ఐదు రాత్రులు ఉండండి. మేం మొదట రెండేసి రాత్రులు పెట్టుకున్నాం, బట్టలు ఆరేలోపు బ్యాగు సర్దుకోవడమే సరిపోయింది. రెండో వారం నుంచి ప్లాను మార్చి ఒకే ఇంట్లో తొమ్మిది రోజులు ఉన్నాం, మిగతా ఇళ్ళు ఫొటోల్లో చూస్తే గానీ గుర్తు రావు.

డబ్బు

మాకు మనిషికి 88 వేలు అయింది. విమానం టికెట్లు 31 వేలు, ఇళ్ళూ తిండీ 30, అక్కడ బస్సులూ పడవలూ 9, వీసా ఇన్సూరెన్స్ 5, మిగతా 13 చిల్లర మల్లర, అందులో సగం కాఫీలకే పోయిందని నా అనుమానం. గుంపు లెక్కకి వినాయక చవితి పందిరి పద్ధతే బెస్టు. అందరూ వారానికింత అని ఒకడి దగ్గర వెయ్యాలి, ఉమ్మడి ఖర్చంతా వాడే పెట్టాలి, రాత్రి పడుకునే ముందు పుస్తకంలో రాసి అందరికీ ఫొటో పంపాలి. "నువ్వు ఇప్పుడు ఇచ్చెయ్, తర్వాత చూసుకుందాం" అనే మాట వచ్చిందంటే మూడో రోజుకి మనసులో ముల్లు మొదలైనట్టే.

ఫోన్‌పే, గూగుల్‌పే నేపాల్, భూటాన్, శ్రీలంకల్లో కొన్ని షాపుల్లో నడుస్తాయి గానీ వియత్నాం పల్లెటూళ్ళో ఆశ పెట్టుకోవద్దు. ఒక ఫారెక్స్ కార్డు, కొంచెం డాలర్ల నోట్లు, అక్కడి ఏటీఎంలో తీసిన డాంగ్‌లు. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డు గీస్తే చాలా బ్యాంకులు మూడున్నర శాతం దాకా అదనంగా లాగుతాయి. మన నోట్లు 25 వేలకి మించి పట్టుకెళ్ళకూడదు. మన సిమ్ తీసి పారెయ్యకండి, బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది, ఎసెమ్మెస్‌ల కోసం రోమింగ్ పెట్టించి అక్కడి సిమ్ రెండో స్లాటులో వేసుకోండి. ఏజెంటు దగ్గర టికెట్, గది కలిపి ప్యాకేజీగా కొంటే టీసీఎస్ అని కొంత పన్ను ముందే పట్టుకుంటారు, ఐటీ రిటర్న్ వేసి సర్దుబాటు చేసుకోవాలి. విడివిడిగా కొనుక్కుంటే ఆ తలనొప్పి లేదు.

ప్రయాణం సంగతికొస్తే, మన వైపు వాళ్ళు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో ఎక్కాలి. కాకినాడ, రాజమండ్రి వాళ్ళకి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఉంది. అమలాపురం వాళ్ళకి బస్సే గతి, కోటిపల్లి-నరసాపురం రైలు కోసం ఆగితే ఖాళీ సెమిస్టర్ కాస్తా రిటైర్‌మెంట్ అవుతుంది.

సంచిలో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు

మాలో ఒకడి నాయనమ్మ ప్రేమగా నాలుగు కురిడి కాయలు పెట్టింది, పరాయి దేశంలో కొబ్బరి దొరుకుతుందో లేదోనని (కొబ్బరి సీమకే వెళ్తున్నామని చెప్పినా ఆవిడ నమ్మలేదు). విమానాశ్రయంలో లగేజీ స్కానర్ దగ్గర ఆపేశారు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకు కింద లెక్క, చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు. పెట్టె మొత్తం నేల మీద విప్పించారు, వెనక క్యూ అంతా మమ్మల్నే చూస్తోంది, వాడు ఆ కాయలు బయటికి తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. చివరికి అక్కడ ఊడ్చే ఆవిడకి ఇచ్చాం. ఆవకాయ అయితే చేతి సంచిలో కాదు, పెద్ద పెట్టెలో, సీసా మూతకి టేపు చుట్టి, రెండు కవర్లు వేసి.

ఇంటివాళ్ళకి ఏదైనా పట్టుకెళ్ళాలి కదా, వట్టి చేతులతో వెళ్ళలేం. పూతరేకులు బావుంటాయి గానీ పొడుం అయిపోతాయి, గట్టి డబ్బాలో పెట్టి చేతి సంచిలో తీసుకెళ్ళండి. ఆస్ట్రేలియా లాంటి చోట్లకి తినే వస్తువులు పట్టుకెళ్తే తప్పనిసరిగా డిక్లేర్ చెయ్యాలి. అన్నిటికన్నా నాకు నచ్చింది నరసాపురం లేసు. టీవీ మీదో బల్ల మీదో పరిచే చిన్న గుడ్డ, బరువుండదు, పగలదు, మన ఆడవాళ్ళ చేత్తో అల్లింది. మేమున్న ఇంటావిడ దాన్ని వేళ్ళతో తడిమి, కుట్టు ఎటు మొదలైందో వెతుక్కుంటూ వెనక్కి తిప్పి చూసింది. తర్వాత తీసుకెళ్ళి పూర్వీకుల పటాల ముందు పరిచింది.

ఇంట్లో అడుగు పెట్టాక

చెప్పులు బయట. పాస్‌పోర్ట్ అడుగుతారు, భయపడకండి, వియత్నాంలో అతిథి వివరాలు ఇంటివాళ్ళు స్థానిక పోలీసులకి నమోదు చెయ్యాలి. ఫొటో తీసుకోమనండి, పుస్తకం ఇచ్చినా ఆ రాత్రికే వెనక్కి తీసుకోండి.

పేరు పెట్టి పిలవకండి. మనలాగే వాళ్ళకీ ప్రతి మనిషికీ వరస ఉంటుంది, బయటివాళ్ళని కూడా వరసతోనే పిలుస్తారు. చూ అంటే నాన్న తమ్ముడు, అంటే అచ్చంగా మన బాబాయి. కో అంటే నాన్న చెల్లెలు, మేనత్త. బా అంటే నాయనమ్మ, అమ్మమ్మ. ఈ మూడూ వచ్చిన రోజు నుంచి ఇంట్లో మా బతుకే మారిపోయింది. ఇంగ్లీషులో ఎక్స్‌క్యూజ్ మీ అంటే తిరిగి చూడని ముసలావిడ "బా" అనగానే బోసి నోటితో నవ్వేది. మిగతా మాటలకి ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టుకోండి, నెట్ లేకుండా పనిచేసేలా వియత్నామీస్ ముందే దించుకోండి, ఇంగ్లీషులో నాలుగైదు మాటల చిన్న వాక్యాలే కొట్టండి.

ఇప్పుడు మా పెద్ద తప్పు. మూడో రోజు సాయంత్రం ఊళ్ళోకి పోయాం, ఎవరో పరిచయమయ్యారు, కాఫీ అన్నారు, ఆ తర్వాత నూడుల్స్ అన్నారు, ఇంటికొచ్చేసరికి రాత్రి పదయింది. చెప్పలేదు. డబ్బులిస్తున్నాం కదా, తినకపోతే వాళ్ళకే మిగులు అనుకున్నాం, ఆ లెక్క హోటల్ లెక్క. వరండాలో లైటు వెలుగుతోంది, బల్ల మీద వల మూత, దాని కింద ఐదు గిన్నెలు బోర్లించి ఉన్నాయి, మట్టి పాత్రలో చేప పులుసు చల్లారి పైన నూనె తెట్టు కట్టింది. ఇంటావిడ, అంటే మా కో, పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. ఆవిడా తినలేదు. లేచి ఒక్క మాట అనకుండా పొయ్యి వెలిగించింది. మా అమ్మ కూడా సరిగ్గా ఇలాగే కూర్చుంటుంది, ఇలాగే ఏమీ అనదు. నిండా నూడుల్స్ తిన్న కడుపుతో మళ్ళీ ఐదుగురం కూర్చుని ఆ అన్నం తిన్నాం, మెతుకు వదల్లేదు, వేరే దారి లేదు.

తర్వాత రోజు నుంచి ఏం చేశామంటే, పొద్దున్న కాఫీ దగ్గరే ఒక కాగితం మీద గడియారం బొమ్మ గీసి, రాత్రి ఎన్నింటికి వస్తామో ముల్లు పెట్టి, ఎంతమంది తింటామో అంకె వేసి వంటింటి తలుపుకి అంటించేవాళ్ళం. మీరూ అదే చెయ్యండి. ఆలస్యం అయితే మెసేజ్, రాకపోతే ముందు రోజే చెప్పడం.

తిండి దగ్గర దాచుకోకండి. శాకాహారులైతే బుక్ చేసే రోజే చెప్పాలి, అక్కడ "అన్ చై" అంటారు, అయినా చేపల సాస్ చుక్క లేకుండా వాళ్ళ కూర ఉండదు కాబట్టి విడిగా అడగాలి. గొడ్డు మాంసం, పంది మాంసం తినని వాళ్ళూ అంతే. మొదటి రోజు మొహమాటానికి బావుందంటే ఇక రోజూ అదే పెడతారు, మనిళ్ళల్లో లాగే. సాయం చేస్తామంటే వద్దంటారు, మాట వినకుండా గిన్నెలు తీసుకెళ్ళి తోమెయ్యండి. వంటింట్లోకి అడుగు పెట్టినవాడికే అసలు సంగతులు దొరుకుతాయి. ఒక పొద్దున్న ముసలావిడ బియ్యం పిండి జావ కలిపి, కుండ మూతికి గుడ్డ బిగించి కట్టి, కింద ఆవిరి పెట్టి, గరిటెడు జావ ఆ గుడ్డ మీద గుండ్రంగా తిప్పింది. నిమిషంలో పల్చటి పొర లేచింది, వెదురు పుల్లతో ఎత్తి తడిక మీద ఎండలో ఆరేసింది. మాలో ఆత్రేయపురం వాడు నోరు తెరిచాడు. వాళ్ళింట్లో కుండ బోర్లించి కింద మంట పెట్టి, పిండి జావలో ముంచిన గుడ్డని దాని మీద లాగి రేకు తీస్తారు. వీళ్ళ దగ్గర కుండ నిలువు, మన దగ్గర బోర్లా, అంతే తేడా. వాడు ఫోన్‌లో వాళ్ళమ్మ రేకు తీసే వీడియో చూపించాడు. ఆవిడ దాన్ని ఆరుసార్లు చూసి, గరిటె వాడి చేతికిచ్చింది. వాడు తీసిన మొదటి మూడు పొరలూ చిరిగాయి, నాలుగోది నిలిచింది.

ఒళ్ళు, బండి, గొడవలు

ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కకండి, ఆస్పత్రి ఖర్చు, పాస్‌పోర్ట్ పోతే సాయం రెండూ ఉన్నది తీసుకోండి. పాలసీ నంబరు ఐదుగురి ఫోన్లలోనూ ఉండాలి. డెల్టా అంటే దోమలు, డెంగ్యూ మనకి కొత్త కాదు, క్రీము రాసుకోండి.

అక్కడ అందరూ స్కూటర్ల మీదే తిరుగుతారు, అద్దెకి ఎవరడిగినా ఇస్తారు. మన దగ్గర ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ లైసెన్సు 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందానిది. అంటే మీరు బండి తోలితే లైసెన్సు లేనట్టే, పడితే ఇన్సూరెన్సు వాళ్ళు పైసా ఇవ్వరు. సైకిలు తొక్కండి. కాలవ గట్ల మీద మనకి అలవాటే.

గుంపులో పన్నెండో రోజుకి గొడవ ఖాయం. మాకు ఏసీ దగ్గర వచ్చింది, ఒకడికి పదహారు కావాలి, ఒకడికి దుప్పటి చాలదు. దానికి మందు ఒక్కటే, వారానికి ఒక రోజు ఎవరి దారి వాళ్ళది అని ముందే పెట్టుకోండి. ఆ రోజు ఎవడూ ఎవడినీ ఎక్కడికి పోయావని అడక్కూడదు, సాయంత్రం ఆరుకి బతికున్నానని ఒక మెసేజ్ పెడితే చాలు. ఇంటికి మాత్రం రోజూ ఫోన్ చెయ్యండి, రెండు నిమిషాలే. వెళ్ళే ముందు ఇంటి చిరునామా, ఇంటివాళ్ళ ఫోను, అక్కడి భారత ఎంబసీ అత్యవసర నంబరు ఒక కాగితం మీద రాసి నాన్న చొక్కా జేబులో కాదు, ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళండి. ఇబ్బంది వస్తే విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు, అది కూడా ఆ కాగితం మీదే రాయండి.

వచ్చేశాక

బయల్దేరే రోజు ఇంటివాళ్ళ చిరునామా వాళ్ళ చేత్తోనే ఒక కాగితం మీద రాయించుకోండి, ఆ గుర్తులూ కొమ్ములూ మనం రాస్తే తప్పులు పోతాయి. ఊరికొచ్చిన వారంలో స్టూడియోకెళ్ళి పదో పన్నెండో ఫొటోలు కడిగించండి, వాట్సాప్‌లో పంపినవి కాదు, చేత్తో పట్టుకునేవి, ముసలావిడ ఉన్నవి రెండు ఎక్కువ. ఆ కాగితం జిరాక్స్ తీసి కవరు మీద అంటించి, కింద వియత్నాం అని ఇంగ్లీషులో పెద్దగా రాసి పోస్టాఫీసులో ఇవ్వండి. మా పోస్టు మాస్టరుగారు ఆ చిరునామా చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది ఏ మండలం బాబూ" అని అడిగారు.